డేటా సెంటర్లలో విద్యుత్తు, నీరు: పంచాయతీలు తెలిసికొనదగిన లెక్కలు

గ్రామ పంచాయతీ కార్యాలయములో ఇంటిపన్ను రశీదు ముద్రింపబడినపుడును, జనన ధ్రువపత్రము జారీయైనపుడును ఆ వివరములు నేడు కార్యాలయపు బీరువాలో మాత్రమే ఉండుట లేదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు చేరినవి. రైతుల పట్టా వివరములు 2020 అక్టోబరులో ధరణికిని, 2025లో దాని స్థానమున వచ్చిన భూభారతికిని ఎక్కినవి. సంతలో కూరగాయలు కొని ఫోనుతో డబ్బు చెల్లించినను ఆ పద్దు దూరముననున్న ఒక యంత్రములో వ్రాయబడుచున్నది. ఈ యంత్రములను సర్వర్లు అందురు. వీనిని వేల సంఖ్యలో ఒక కప్పు క్రింద అమర్చి, రేయింబవళ్లు నిమిషమైనను ఆగకుండ నడుపు కట్టడమునకు డేటా సెంటరు అని పేరు.

హైదరాబాదు చుట్టుపట్ల ఇట్టి కట్టడములు పలుచోట్ల వెలసినవి. రాష్ట్ర ప్రభుత్వము 2016లోనే వీనికొరకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. రంగారెడ్డి జిల్లాలో చందనవెల్లి మొదలగు చోట్ల స్థలములు తీసికొనిన అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు నుండి తన సేవలను ప్రారంభించినది. అదే సంవత్సరము మార్చిలో మైక్రోసాఫ్ట్ సంస్థయు హైదరాబాదును ఎంచుకొన్నట్లు ప్రకటించినది. విశాఖపట్టణములో అయిదేండ్ల కాలమున 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న తెలిపినది. అచ్చట వలసిన విద్యుత్తు వేయి మెగావాట్ల స్థాయిలో నుండును.

ఇవన్నియు బోధన్‌కు దూరముననున్న సంగతులే. అయినను చందనవెల్లియు నిన్న మొన్నటివరకు పొలములున్న పల్లెయే. పైగా వీనికి పోవు విద్యుత్తును మన బోరుబావుల మోటార్లకు వచ్చు విద్యుత్తును ఒకే తీగల జాలము మోయుచున్నది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారము 2024లో ప్రపంచములోని డేటా సెంటర్లు వాడిన విద్యుత్తు సుమారు 41,500 కోట్ల యూనిట్లు. ఇది ప్రపంచ వినియోగములో నూటికి ఒకటిన్నర వంతు. 2030 నాటికి ఇది రెండింతలు దాటునని ఆ సంస్థయే అంచనా వేసినది. కనుక ఈ కట్టడములలో విద్యుత్తు ఎట్లు ఖర్చగును, ఎట్లు పొదుపు చేయవచ్చును అను విషయము పంచాయతీ సభ్యులకు అక్కరలేనిది కాదు.

చక్కెర కర్మాగారముతో పోలిక

బోధన్ ప్రాంతమువారికి ఈ విషయమును చెప్పుటకు క్రొత్త ఉదాహరణ వెదకనక్కరలేదు. 1931లో నిజాంసాగరు పూర్తియై మంజీర నీరు కాలువల కెక్కినది. చెరకు విస్తరించినది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడినది. 2015లో అది మూతపడువరకు అందులో పనిచేసినవారు, దానికి చెరకు తోలినవారు ఈ ప్రాంతపు ప్రతి గ్రామములోను కలరు. చక్కెర కర్మాగారములలో ఇంధనపు లెక్క ఎట్లుండునో వారికి తెలియును.

నూరు టన్నుల చెరకు ఆడినచో సుమారు ముప్పది టన్నుల పిప్పి మిగులును. ఆ పిప్పిని పారవేయరు. బాయిలరులో మండించి ఆవిరి పుట్టింతురు. అధిక పీడనముగల ఆ ఆవిరి మొదట టర్బైనును త్రిప్పి విద్యుత్తు నిచ్చును. టర్బైను నుండి బయటికి వచ్చిన ఆవిరికి బలము తగ్గినను వేడి యుండును కనుక దానితో చెరకు రసమును కాచుదురు. మొదటి పాత్రలో రసము మరిగి వచ్చిన ఆవిరితో రెండవ పాత్రను, దాని ఆవిరితో మూడవదానిని కాచుదురు. ఈ పద్ధతిని 1840 ప్రాంతపు దశాబ్దములో అమెరికాలోని లూసియానాలో నార్బర్ట్ రిల్యూ అను ఇంజనీరు సాధించెను. మూడు పాత్రల వరుసలో ఒక కిలో ఆవిరి సుమారు మూడు కిలోల నీటిని రసమునుండి తొలగింపగలదు. ఒక్కసారి పుట్టిన వేడి పలుసార్లు పనిచేయుట అనగా ఇదియే.

డేటా సెంటరు కూడ కర్మాగారమే. దానిలోనికి పోవు ముడిసరకు విద్యుత్తు. బయటికి వచ్చు సరకు లెక్కలు, జవాబులు, చిత్రములు. అయితే దానికి పిప్పివంటి సొంత ఇంధనము లేదు. సర్వరులోనికి పోయిన విద్యుత్తు యావత్తు చివరకు వేడిగా మారును. పదివేల యూనిట్లు లోనికి పోయినచో పదివేల యూనిట్ల వేడియు బయటికి రావలసినదే. రానిచో యంత్రములు మాడిపోవును. అందుచేత సర్వర్లను నడుపుటకు కొంత విద్యుత్తు, ఆ వేడిని తోడిపోయుటకు మరికొంత విద్యుత్తు ఖర్చగుచున్నవి. పొదుపునకు మొదటి అవకాశము ఈ రెండవ ఖర్చులో నున్నది.

ఒక కొలబద్ద

ఈ ఖర్చును కొలుచుటకు 2007 నుండి ఒక నిష్పత్తి వాడుకలోనికి వచ్చినది. దానిని పి.యు.ఇ. అందురు. కట్టడము మొత్తము వాడిన విద్యుత్తును సర్వర్లు మాత్రమే వాడిన విద్యుత్తుతో భాగింపగా వచ్చునదే ఈ అంకె. అది ఒకటి అయినచో చల్లబరచుటకు, దీపములకు, బ్యాటరీల నష్టమునకు ఏమియు ఖర్చు కాలేదని అర్థము. అట్టిది సాధ్యము కాదు. రెండు అయినచో పనికి ఒక యూనిట్టు, పైఖర్చునకు మరియొక యూనిట్టు పోవుచున్నవన్నమాట.

2007 ప్రాంతములో ఈ అంకె సగటున 2.5 వరకు ఉండెడిదని అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ విచారణలో తేలినది. తరువాత అది 1.6 పరిసరములకు దిగి, కొన్ని సంవత్సరములుగా అచ్చటనే కదలక నిలిచినది. గూగుల్ వంటి పెద్ద సంస్థలు తమ కేంద్రముల సగటును 1.1 వరకు తగ్గించుకొన్నవి. ఈ తేడా అంకెలలో చిన్నదిగా కనిపించును కాని ఊరిలెక్కకు తెచ్చి చూచిన చిన్నది కాదు. సర్వర్లకు పది మెగావాట్లు వలసిన ఒక కేంద్రమును తీసికొనుడు. దాని నిష్పత్తి 1.8 అయినచో మొత్తము పదునెనిమిది మెగావాట్లు కావలెను, 1.3 అయినచో పదుమూడు చాలును. మిగిలిన అయిదు మెగావాట్లతో అయిదు అశ్వశక్తుల మోటార్లను పదమూడు వందలకు పైగా ఒకేసారి నడుపవచ్చును. రోజుకు మిగులు 1,20,000 యూనిట్లు. పని మాత్రము రెండు కేంద్రములలోను సమానమే.

ఈ పొదుపును సాధించు ఉపాయములు చాలవరకు సామాన్యమైనవి. సర్వర్ల బీరువాలకు ముందువైపు చల్లగాలి పోవలెను. వెనుకవైపు వేడిగాలి వచ్చును. ఈ రెండును కలిసిపోయినచో చల్లబరచిన శ్రమ వృథా. కనుక ముందు నడవను, వెనుక నడవను తలుపులతో, తెరలతో వేరుచేయుదురు. రెండవది, గదిని అనవసరముగా చలిగదిగా చేయకుండుట. పూర్వము ఇరువది డిగ్రీలకు మించనిచ్చెడివారు కారు. సర్వరు పీల్చుకొను గాలి 18 నుండి 27 డిగ్రీల వరకు ఉండవచ్చునని అమెరికాలోని శీతలీకరణ ఇంజనీర్ల సంఘము సిఫారసు చేసినది. మన జిల్లాలో మార్గశిర, పుష్య మాసముల రాత్రులలో బయటి గాలి అంతకంటె చల్లగా నుండును. ఆ వేళలలో శీతలయంత్రములను ఆపి, బయటి గాలినే వడగట్టి వాడుకొనవచ్చును. ఈ చిన్న సౌకర్యమునకు కట్టడపు నమూనాలోనే చోటు పెట్టవలెను. కట్టిన తరువాత అమర్చుట కష్టము, ఖర్చును ఎక్కువ.

నీటి లెక్క

వేసవిలో ఇండ్లలో వాడు కూలరు సంగతి అందరికిని తెలిసినదే. తడిసిన గడ్డిగుండ పొడిగాలి పోవునపుడు నీరు ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవును. పెద్ద డేటా సెంటర్లలో చాలవరకు ఇదే సూత్రముతో పనిచేయు శీతల గోపురములను నిర్మింతురు. ఇందువలన విద్యుత్తు బాగుగ కలిసివచ్చును. నీరు మాత్రము గాలిలో కలిసి పోవును.

ఎంత పోవును? ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టించిన వేడిని ఆవిరితోనే తొలగింపవలెనన్నచో సుమారు ఒకటిన్నర లీటర్ల నీరు ఆవిరి కావలెను. పైని చెప్పిన పది మెగావాట్ల సర్వర్లకు ఈ లెక్కన రోజుకు 3,60,000 లీటర్లు. మిషన్ భగీరథ పథకములో గ్రామవాసికి రోజుకు నూరు లీటర్లు అని నిర్ణయించిరి. అనగా ఇది 3,600 మంది జనాభాగల పల్లె త్రాగుటకు, వాడుకకు సరిపోవు నీరు. నీరు ఆవిరియగుకొలది మిగిలినదానిలో లవణములు చిక్కబడును కనుక ఆ నీటిలో కొంత అప్పుడప్పుడు వదలివేసి క్రొత్తనీరు నింపవలెను. ఆ ఖర్చు దీనికి అదనము. బోరునీరు ఉప్పదనము గలదైనచో ఈ అదనము మరింత పెరుగును.

ఇందులో గమనింపవలసిన చిక్కు ఒకటి కలదు. కూలరు పొడిగాలిలో బాగుగ పనిచేయును, తేమగాలిలో పనిచేయదు. శ్రావణములో చెరువులు నిండియుండగా ఈ పద్ధతి అంతగా అక్కరకు రాదు. వైశాఖములో, బావులు అడుగంటి మంజీర ఇసుక తేలినపుడే అది అద్భుతముగ పనిచేయును, అప్పుడే ఎక్కువ నీటిని కోరును. ఊరి అవసరమును కర్మాగారపు అవసరమును ఒకే నెలలో ఎదురెదురుగా వచ్చి నిలుచునన్నమాట. నిజాంసాగరు నిల్వ పూడికవలన తొలినాటికంటె ఎంతో తగ్గిన ఈ కాలములో సంవత్సర సగటు చూపి నీరు చాలునని ఎవరైన చెప్పినచో, వేసవి నెలల లెక్కను వేరుగా అడుగవలెను.

నీరు వాడని పద్ధతియు కలదు. మోటారు వాహనపు రేడియేటరు వలె మూసియున్న గొట్టములలో నీటిని త్రిప్పి, పంకాలతో గాలికి వేడిని వదలుట. దీనిలో నీరు ఖర్చు కాదు. విద్యుత్తు ఎక్కువ పట్టును, ముఖ్యముగా ఎండలు 44, 45 డిగ్రీలకు చేరు దినములలో. అయితే విద్యుత్తును కూడ నీరు లేక పుట్టించుట లేదు. నదినీటితో చల్లబరచు పాత బొగ్గు విద్యుత్కేంద్రములు యూనిట్టుకు మూడున్నర లీటర్లకు మించి వాడరాదని 2015లో కేంద్ర ప్రభుత్వము పరిమితి విధించినది. కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని తెలంగాణలో ముందుకు సాగు గోదావరియే దిగువన రామగుండము కేంద్రమునకు నీరిచ్చుచున్నది. కనుక బోధన్ సమీపమున ఒక బోరును కాపాడి, అందుకొరకు మరింత విద్యుత్తు కాల్చినచో అదే నది దిగువన ఆ నీటిని చెల్లించును. ఇంతకుముందు చెప్పిన 1,20,000 యూనిట్ల పొదుపు బొగ్గు విద్యుత్తులో జరిగినచో రోజుకు నాలుగు లక్షల లీటర్ల వరకు నీరు కూడ మిగులవచ్చును. విద్యుత్తు పొదుపును నీటి పొదుపును వేరువేరు విషయములుగా చూడరాదని దీనివలన తేలుచున్నది.

ఈ రెంటిని కలిపి సాధించు మార్గములు ఇటీవల పెరిగినవి. కృత్రిమ మేధకు వాడు క్రొత్త సర్వర్ల బీరువా ఒక్కొక్కటి నూరు కిలోవాట్లకు మించి విద్యుత్తును తీసికొనుచున్నది; అంత వేడిని గాలితో తొలగించుట కష్టము. కనుక సన్నని గొట్టములతో ద్రవమును యంత్రపు గుండెవరకు పంపుదురు. 35, 40 డిగ్రీల గోరువెచ్చని నీరైనను ఈ పనికి చాలును. అది యాబది డిగ్రీలకు వేడెక్కి తిరిగి వచ్చును కనుక మన వేసవి గాలికూడ దానికంటె చల్లనిదే. అట్టి నీటిని శీతలయంత్రములు లేకయే, ఆవిరి చేయకయే చాలవరకు చల్లార్పవచ్చును. ఇక నీరు తప్పనిసరియైనచోట పట్టణపు మురుగునీటిని శుద్ధిచేసి వాడుకొనవచ్చును. అమెరికాలో జార్జియా రాష్ట్రపు డగ్లస్ కౌంటీలో గూగుల్ సంస్థ తన కేంద్రమునకు అట్టి నీటినే వాడుచున్నది. మంచినీటిని కోరువారిని ఈ ఉదాహరణ చూపి ప్రశ్నించుట తప్పు కాదు.

అంకె దాచునవి

పి.యు.ఇ. మంచి కొలబద్దయే కాని అది అన్నియు చెప్పదు. నీటి సంగతి అందులో లేదు. సర్వర్లు పని చేయుచున్నవా, ఊరక తిరుగుచున్నవా అనునదియు లేదు. పని లేనివేళ కూడ ఒక సర్వరు తన పూర్తి శక్తిలో మూడవవంతు నుండి సగమువరకు వాడుకొనుచుండును. పది బండ్లు తలా రెండు మోపుల చెరకుతో ఫ్యాక్టరీకి పోవుటకంటె రెండు బండ్లు నిండుగా పోవుట మేలు గదా. అట్లే పలు సర్వర్ల పనిని కొద్దిపాటి సర్వర్లపైకి చేర్చి మిగిలినవానిని ఆపివేయుట నేడు సాధ్యము. దీనివలన కలుగు లాభము ఒక్కొక్కచోట శీతలీకరణలోని పొదుపును మించును.

సౌర విద్యుత్తు విషయములోను ఇట్టి మెలిక కలదు. సంవత్సరములో తాము వాడినంత సౌర, పవన విద్యుత్తును కొనుచున్నామని కొన్ని సంస్థలు చెప్పుకొనుచున్నవి. అది అసత్యము కాదు. కాని సూర్యుడు లేని రాత్రివేళ వారి సర్వర్లను నడుపునది ఎక్కువగా బొగ్గే. సంవత్సరమంతటికి లెక్కించిన కాలువనీరు సరిపోయినను, వైశాఖములో తడి అందని చెరకునకు ఆ లెక్క అక్కరకు రాదు. గంటగంటకు సరిపోలవలెనని గూగుల్ సంస్థ 2020లో 2030ని గడువుగా పెట్టుకొన్నది. ఇది కఠినమైన లక్ష్యము. భూమి సంగతియు ఆలోచింపవలెను. ఒక మెగావాటు సౌరఫలకములకు నాలుగైదు ఎకరములు పట్టును. రోజుకు నాలుగువేల యూనిట్లకు కొంచెము పైగా వచ్చును. పది మెగావాట్ల సర్వర్లు రోజుకు వాడు 2,40,000 యూనిట్లను ఇట్లు పుట్టింపవలెనన్న రెండువందల యాబది ఎకరములకు తక్కువ కాదు. ఆ ఎకరములు బంజరో, తరి పొలమో ముందే తేలవలెను.

వేడిని మరల వాడుట

ఫిన్లాండులోని హామినాలో మూతపడిన కాగితపు మిల్లును 2009లో గూగుల్ సంస్థ కొని, 2011 నుండి డేటా సెంటరుగా నడుపుచున్నది. సముద్రపు నీటిని మిల్లునకు తెచ్చుటకు పూర్వము త్రవ్విన సొరంగమే ఇప్పుడు సర్వర్లను చల్లబరచుచున్నది. డెన్మార్కులోని ఓడెన్సేలో ఫేస్‌బుక్ వారి కేంద్రమునుండి వచ్చు వేడి పట్టణపు ఇండ్లకు పోవుచున్నది. శక్కర్‌నగర్ చిమ్నీని చూచుచు పెరిగినవారికి హామినా కథ వినగనే ఒక ఆలోచన కలుగుట సహజము. అయితే హామినాకు సముద్రమున్నది, చలియున్నది. బోధన్‌కు ఆ రెండును లేవు. అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి: చక్కెర కర్మాగారము రైతునుండి చెరకు కొనినది, వేలమందికి పని యిచ్చినది. డేటా సెంటరు రైతునుండి కొనునది ఏదియు లేదు. పెట్టుబడితో పోల్చినచో దానిలో ఉద్యోగములును కొద్ది. ఒకదానికి మరియొకటి బదులు కాజాలదు.

మన ప్రాంతములో ఇండ్లకు వేడి అక్కరలేదు కాని పంటకు కలదు. నిజామాబాదు జిల్లా పసుపునకు పెట్టినది పేరు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదులోనే ప్రారంభమైనది. ఉడికించిన కొమ్ములు ఎండలో ఆరుటకు పది పదునైదు దినములు పట్టును. ఆ మధ్య అకాల వర్షము పడినచో సరకు చెడును. ద్రవముతో చల్లబరచు డేటా సెంటరునుండి వచ్చు యాబది డిగ్రీల వేడి ఇట్టి ఆరబెట్టు గదులకు పనికిరాగలదు. పసుపు వచ్చునది రెండు మూడు నెలలు, వేడి వచ్చునది పండ్రెండు నెలలు అను ఆక్షేపణ ఉన్నది. మొక్కజొన్న, మిరప, ధాన్యముల తేమ తీయుటకు కూడ అవే గదులు వాడినచో ఆ ఆక్షేపణ కొంత తీరును. స్థలము చూచునపుడే ఈ మాట ఎత్తవలెను.

పంచాయతీ అడుగవలసినవి

పెద్ద పరిశ్రమలకు అనుమతులు 2014 నాటి చట్టము ప్రకారము రాష్ట్రస్థాయిలో వేగముగా వచ్చును. పంచాయతీకి కాగితము చేరునాటికి చాలవిషయములు నిర్ణయమై యుండవచ్చును. కనుక భూమి విషయము వినబడిన దినముననే గ్రామసభలో ప్రశ్నలను వ్రాతపూర్వకముగా పెట్టుట మంచిది. సర్వర్లకు ఎన్ని మెగావాట్లు, మొత్తము ఎన్ని? నిష్పత్తి కాగితముపై ఎంత, మే నెలలో ఎంత? నీరు ఎచ్చటనుండి, ఏ నెలకు ఎన్ని లీటర్లు? చిక్కబడిన నీటిని ఏ వాగులోనికి వదలుదురు? విద్యుత్తు ఆగినపుడు నడుచు డీజిలు జనరేటర్లు ఎన్ని, వానిని పరీక్షగా నడుపు వేళలెవ్వి? ఇవి బడికి, ఆసుపత్రికి ఎంత దూరము? కాలముతీరిన సర్వర్లను, బ్యాటరీలను 2022 నాటి ఇ-వ్యర్థముల, బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము ఎవరికి అప్పగింతురు? క్రొత్త సబ్‌స్టేషను కట్టినచో దానినుండి గ్రామపు ఫీడరుకు ఏమైన బలము చేకూరునా? ఈ చివరి ప్రశ్నకు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ అధికారులే జవాబు చెప్పవలెను.

బోరుబావుల విషయములో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము పంచాయతీకి అండగా నున్నది. అనుమతి లేని బోరును ఎవరు వేసినను అది నేరమే. భూగర్భజల శాఖ తన పరిశీలక బావులలో నీటిమట్టమును నెలనెలకు కొలుచుచున్నది. పరిశ్రమ రాకముందటి ఆ కొలతలను తెప్పించి, చైత్రములోను కార్తికములోను ఊరి బావుల మట్టమును తామును కొలిచి తీర్మానపు పుస్తకములో ఎక్కించుకొనిన పంచాయతీకి, రేపు నీరు దిగినపుడు ఎంత దిగినదో చెప్పుటకు కాగితము చేతిలో నుండును.